సున్నా బోణి

వినోద తడిబట్టతో మార్కండేయుడి పటం అద్దం తుడుస్తోంది. నిన్నటి బంతిపూల రేకులు నాలుగు అద్దానికీ చట్రానికీ మధ్య ఇరుక్కున్నాయి. వాటిని గోటితో లాగి, చట్రం చుట్టూ ఉన్న రంగు బల్బుల తీగ చిక్కు విడదీసింది. తీగ చివరి ప్లగ్గును గోడ బోర్డులో పెట్టలేదు. కౌంటరు మీదున్న తెల్లటి పెట్టెలో గుచ్చి, పెట్టె మీట నొక్కింది. బల్బులు వెలిగాయి. కాసేపటికి పెట్టె తెర మీద పచ్చటి చుక్క వచ్చింది.

కరెంటు సామాన్ల దుకాణం ముందు నీళ్లు చల్లుతున్న ఆమె తండ్రి రాజేశం వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"సున్న రాలే గద?"

"రాలే బాపూ. పచ్చ చుక్కనే."

"ఇగ మంచిది. ఫస్టు గిరాకి ఎవలొస్తరో సూద్దాం."

వినోద ప్లగ్గును పెట్టెలోంచి తీసి గోడ బోర్డుకు మార్చింది. ఎనిమిది నెలలుగా దుకాణం తెరవగానే ఆమె చేసే మొదటి పని ఇది.

పెద్ద లైన్ల కరెంటు పల్లెల దాకా రావడం ఆగిపోయి అప్పటికి ఏడేళ్లు. కోరుట్ల చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఎండను పట్టే పలకల తోట ఒకటి, గదంత బ్యాటరీ ఒకటి ఉన్నాయి. ఆ బ్యాటరీని జనం గోలెం అంటారు. పగలు నిండిన గోలెంలోంచి ఇంటికింతని రోజు వాటా. వాటా అయిపోతే మళ్లీ పొద్దు పొడిచేదాకా ఆ ఇంట్లో కరెంటు ఉండదు. అందుకని రాజేశం దుకాణంలోకి ఎవరొచ్చినా ధర కంటే ముందు అడిగేది, ఇది ఎంత తింటుంది అని.

దానికి జవాబు చెప్పేదే కౌంటరు మీది పెట్టె. ప్రభుత్వం పెట్టిన పేరు ముందుచూపు. వస్తువును దానికి తగిలిస్తే పది నిమిషాలు తీగలోని కరెంటు వణుకును వింటుంది. మనిషి నాడి పట్టుకున్న వైద్యుడిలా ఆ వణుకులోంచే మోటారు ఎప్పుడు అరుగుతుందో, గ్యాసు ఎప్పుడు పలచబడుతుందో పసిగట్టి మూడు అంకెలు చెబుతుంది. ఇవాళ ఎంత తింటుంది, ఐదేళ్లకు ఎంత, పదేళ్లకు ఎంత. భవిష్యత్తు చెబుతుంది కాబట్టి గిరాకీలు దానికి పంతులు అని పేరు పెట్టారు.

కిందటి దసరా వెళ్లాక విద్యుత్తు పొదుపు కార్యాలయం నుంచి నస్రీన్ అనే ఆఫీసరు దాన్ని తెచ్చింది. ఆ రోజు రాజేశం చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"వద్దంటె ఏమన్న కేసా మేడం?"

"కేసు లేదు, చట్టం లేదు. మీ ఇష్టం. వాడితే దుకాణానికి ఒక పచ్చ బోర్డు ఇస్తాం. వద్దనిపిస్తే వాపసు ఇవ్వొచ్చు."

నస్రీన్ ఒక కొత్త కూలరును పెట్టెకు తగిలించింది. రెండో ఏడు దాటగానే దీని మోటారు తిండి రెట్టింపవుతుందని పెట్టె చెప్పింది. రాజేశానికి కోపం వచ్చింది. అక్కడికక్కడే మరలు ఊడదీసి మోటారు బయటికి తీశాడు. ఇరుసు వెంట్రుకవాసి వంకరగా ఉంది. ఆయన దాన్ని వేలి మీద రెండుసార్లు తిప్పి చూసి, పెట్టెను కౌంటరు మీద నడిమధ్యకు జరిపాడు.

నస్రీన్ వెళ్లేముందు ఒక మాట చెప్పింది. పొద్దున పెట్టెను ఖాళీగా మొదలుపెట్టాలి. తెర నిండా సున్నా కనిపిస్తుంది. ఒక నిమిషం అలాగే ఉంచి, ఆ తర్వాత వస్తువులు తగిలించాలి.

ఆమె జీపు మలుపు తిరగగానే రాజేశం తల పట్టుకున్నాడు.

"పొద్దుపొద్దుగాల సున్న మొఖం సూసుడా? బోణి సున్నతోని చేస్తరా ఎవలన్న?"

ఆ ఇంట్లో ఉప్పు అయిపోతే నిండుకుందంటారు. దీపం ఆర్పమనరు, కొండెక్కించమంటారు. మొదటి గిరాకీ అడిగింది దుకాణంలో దొరక్కపోయినా రాజేశం నోటి నుంచి లేదన్న మాట రాదు, రేపు తెప్పిస్తానంటాడు. అలాంటి మనిషి రోజూ తెరమీద గుండ్రటి సున్నాను నిమిషంసేపు చూస్తూ కూర్చోలేడు. దేవుడి పటం బల్బులు ముందే తగిలించి మీట నొక్కితే సున్నాకు బదులు పచ్చ చుక్క వస్తుందని మూడో రోజున కనిపెట్టాడు. దేవుడి దీపంతో మొదలైతే ఇంకేం కావాలి అన్నాడు. వినోదకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆ పొద్దున మొదటి గిరాకీగా మెట్టమీది ఊరి మొగుడూ పెళ్లాలు కూలరు కోసం వచ్చారు. వినోద దాన్ని పెట్టెకు తగిలించి పది నిమిషాలు కూర్చోమంది.

"పంతులు ఏమంటుండు?" అన్నాడు మొగుడు.

"ఇంక సదువుతుండు అన్నా."

"నా పెండ్లప్పుడు గూడ ఒక పంతులు గిట్లనే శానసేపు సదివిండు," అన్నాడతను. "గప్పుడే ఈ డబ్బా ఉంటె, పదేండ్లకు ఈమె ఎంత తింటదో అడుగుదును."

పెళ్లాం అతని డొక్కలో మోచేత్తో పొడిచింది. "నీ మోటరు మూడో ఏటనే అరిగింది, నేనేమన్న వాపసు చేసిన్నా?"

రాజేశం కడుపు పట్టుకుని నవ్వాడు. కూలరు బోణి అయింది.

వాళ్లు వెళ్లాక ఎర్రగుట్ట నుంచి కొమురవ్వ వచ్చింది. గొర్ల కాపరుల సంఘంలో టీకాలు వేసేది ఆమే. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడుతుంది. ఇవాళ మాత్రం గడపలో చెప్పులు విడిచి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

"లోపటికి రా కొమురక్కా. ఏం గావాలె?"

"ఏం వద్దు సేటూ. నా ఫ్రిజ్జును మీ పంతులుకు ఇంకొక్కసారి సూపియ్యాలె."

సంక్రాంతి ముందు ఆమె ఇక్కడే ఫ్రిజ్జు తీసుకుంది. టీకా సీసాలు పెట్టుకోవడానికి. పెట్టె దానికి ఇరవై నాలుగు వాట్లు చెప్పింది. ఇంటి వాటాలో సులువుగా సరిపోతుందని రాజేశమే చెప్పాడు.

"సలికాలం మంచిగనే ఉండె," అంది కొమురవ్వ. "శివరాత్రి దాటినంక ఫ్యాను ఏసుడు మొదలువెట్టినం. గప్పటిసంది తెల్లారకముందే వాటా అయిపోతున్నదట. నాకెరుకలే. నేను లేసేసరికి పొద్దు పొడుస్తది, ఫ్రిజ్జు నడుస్తనే ఉంటది. మొన్న కింద నీళ్లు కారినయి సూసిన. గప్పుడు సమజయింది."

"ఎన్ని గంటలు బందయితున్నది?"

"నాలుగు గంటలంటున్నరు గోలెం కాడోళ్లు."

టీకా సీసాలు చల్లగా లేకపోతే మందు చచ్చిపోతుంది. చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. ఉగాదికి ముందు ఆమె ఊరి మందలన్నిటికీ లేతగడ్డి మేస్తే వచ్చే చిటుకు రోగం రాకుండా సూదులు వేసింది. తర్వాత అకాల వాన ఒకటి పడి చెరువు శిఖంలో, నీళ్లు తగ్గిన నేలమీద, లేతగడ్డి మొలిచింది. ఆ గడ్డి మేసిన బీరయ్య మందలో సూది పడిన గొర్రెపిల్లలే తొమ్మిది, నిలబడ్డవి నిలబడ్డట్టే పడి చనిపోయాయి. బీరయ్య సంఘానికి పెద్ద. మళ్లీ వానలొచ్చే లోపు రెండో విడత సూదులు వేయడానికి పోయిన వారం కొమురవ్వ వెళితే, తన నూట అరవై గొర్రెల దగ్గరికి రానివ్వలేదు.

"సూదిల నీళ్లు కలిపిన్నట," అంది కొమురవ్వ. "నా చెయ్యి మంచిది కాదట. మందలిచ్చినోళ్లు గూడ మొఖం తిప్పుకొని ఇచ్చిండ్రు. నాలుగు వందలకు ఏసిన. గవి ఏ సీసాలు? ఆ ఫ్రిజ్జువే గదా సేటూ."

రాజేశం ఆమెను ఓదార్చాలనే అనుకున్నాడు. కానీ పెట్టె మాట వచ్చేసరికి మనిషి బిగుసుకున్నాడు.

"మా పంతులు తప్పు చెప్పడు అక్కా. నీ తీగకు పక్కింటోళ్లు ఎవలన్న కొండి తగిలిచ్చిండ్రేమో సూసుకో. లేకుంటె పిల్లలు సల్లనీళ్లకని గంటకోసారి తలుపు తీస్తుంటరు."

కొమురవ్వ వెనక్కి తిరిగింది. చెప్పులు తొడుక్కుంటుంటే వినోద బయటికొచ్చింది.

"రేపు నేను డబ్బా తీసుకొని వస్త చిన్నమ్మా."

"తొందరగ రా బిడ్డా. మిరుగం వానలకు ఇంక పద్దెనిమిది రోజులే. సూది పడ్డంక పదిహేను రోజులు గావాలె, మందు ఒంటికి పట్టనీకి."

మర్నాడు వినోద పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఎర్రగుట్టకు వెళ్లింది. దుకాణంలో ఆ పొద్దున పెట్టెను మొదలుపెట్టలేదు. కొమురవ్వ ఇంట్లో చాప మీద పెట్టి, ఖాళీగానే మీట నొక్కింది. తెర నిండా పెద్ద సున్నా వచ్చింది. ఆ మొదటి రెండు రోజుల తర్వాత వినోద దాన్ని చూడటం ఇదే.

"ఇదేంది, గుడ్డు పెట్టింది?" అంది కొమురవ్వ. రెండు నెలల్లో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారని ఆమె కూతురు తర్వాత చెప్పింది.

నిమిషం ఆగి ఫ్రిజ్జును తగిలించారు. పది నిమిషాలు గడిచాయి. ముప్పై తొమ్మిది అంది పెట్టె. అమ్మేటప్పుడు ఫ్రిజ్జు వెనక అతికించిన చీటీని వినోద వంగి చూసింది. అదే పెట్టె, ఆమె రాతే. ఇరవై నాలుగు. ఐదేళ్లకు ముప్పై. ఐదు నెలలకే ఇది ముప్పై తొమ్మిది తింటోందంటే ఫ్రిజ్జు పాడై ఉండాలి. కానీ ఫ్రిజ్జు పాడైందని పెట్టె అనలేదు. మోటారు బాగుంది, గ్యాసు బాగుంది అంటోంది.

"చిన్నమ్మా, ఆ ఫ్యాను గూడ మా దగ్గర తీసుకున్నదేనా?"

ఫ్యాను వెనక చీటీలో ఇరవై ఉంది. పెట్టె ముప్పై అయిదు చూపించింది.

వినోద చీటీల మీది అంకెలనూ తెర మీది అంకెలనూ అరచేతిలో రాసుకుంది. ఫ్రిజ్జుకు తేడా పదిహేను. ఫ్యానుకు తేడా పదిహేను. వేర్వేరు వస్తువులు ఒకే రకంగా పాడుకావు. ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. సెల్లు చార్జర్లూ చిన్న బల్బులూ తగిలిస్తే దుకాణంలో పెట్టె ఎప్పుడూ ఏమీ చూపేది కాదు. చిన్నవాటిని పంతులు లెక్కచెయ్యడు అనేవాడు బాపు. ఇప్పుడు కొమురవ్వ ఇంటి చార్జరును తగిలించి చూసింది. నాలుగు అని చూపించింది.

"ఏమయింది బిడ్డా? మొఖం తెల్లగయింది."

"దుకాణంల ఒకటి సూడాలె. సూసి వస్త. ఆ ఫ్రిజ్జుల ఇంక సీసాలుంటె ఎవలకు ఎయ్యకు చిన్నమ్మా."

దుకాణానికి వచ్చాక చెప్పులు కూడా విడవకుండా పెట్టెను ఖాళీగా మొదలుపెట్టి, సున్నా పోయాక, దేవుడి పటం బల్బుల తీగను తగిలించింది. పాతకాలపు బల్బులవి. రాజేశం మార్చనివ్వడు.

పదిహేను.

అంటే రోజూ పొద్దున పెట్టె ఆ బల్బులనే సున్నా అనుకుంది. తర్వాత ఎవరు ఏది తెచ్చినా దాని తిండిలోంచి దేవుడి దీపమంత తీసేసి చెప్పింది. పెట్టె అబద్ధమాడలేదు, నేర్పిన చోటు నుంచే కొలిచింది. నేర్పింది వినోదే, ఈ చేత్తోనే.

సాయంత్రం ఇంటి వాకిట్లో ఆమె తల్లి భూలక్ష్మి ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రాజేశం చాయ్ తాగుతున్నాడు. వినోద జరిగింది చెప్పింది. అరచేయి చూపించింది. రాజేశం మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"దేవుని దీపం తప్పయితదా?"

"దీపం తప్పు గాదు బాపూ. డబ్బాకు మొదట అదే సూపెట్టినం. అదే సున్న అనుకున్నది."

"ఎనిమిది నెలలా?"

"ఎనిమిది నెలలు. నలభై ఒక్క ఇండ్లు."

రాజేశం కప్పు కింద పెట్టాడు. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఎదురుంగ దుకాణపోడు ఆ డబ్బనే తీసుకోలే. ఆయనకేం నొప్పి? నేను తీసుకున్న గాబట్టి నాకు నొప్పి. మంచిగ చెప్దామని పెట్టిన ఆ పచ్చ బోర్డు. ఇగ బజారు మొత్తం ఏమంటది? రాజేశం దేవుని పేరు మీద మోసం చేసిండు అంటది."

"మోసం చెయ్యలే గద."

"గది నీకు నాకు ఎరుక. బజారుకు ఎరుకనా?" గొంతు తగ్గించాడు. "వినోదా, గిది చట్టం గాదు. మేడమే చెప్పింది. ఎవలు వచ్చి అడుగుతరు? రేపటిసంది ఖాళీగ పెడదాం. సున్న వస్తె రానీ. అయిపోయినదాని మీద మన్ను పొయ్యి."

వినోద అరచేతిలోని అంకెలు మరోసారి చూసుకుంది. ఆమె ఎప్పుడూ అంతే, మాట వెతుక్కుని గానీ అనదు.

"ఎవలడగరు బాపూ," అంది చివరికి. "గందుకే మనమే చెప్పాలె. నాలుగు వందల గొర్లు సూది పడ్డదని నమ్ముకొని ఉన్నయి. ఇంక పదిహేడు రోజులే."

రాజేశం భార్య వైపు చూశాడు. ఆమె తన పక్షాన ఒక మాట అంటుందని చూశాడో, అనకూడదని చూశాడో.

భూలక్ష్మి చేటలోంచి తల ఎత్తలేదు. చుట్టిన కట్టలోంచి ఒక బీడీ లాగి, వెలుతురుకు పట్టి చూసి, నలిపి పక్కన పడేసింది.

"కార్ఖానల నా కట్టలల్ల ఛాట్ ఎందుకు తియ్యరో ఎరుకనా?" అంది. ఛాట్ అంటే పనికిరావని పక్కకు తీసేసే బీడీలు. "ఇంటికాన్నే నేనే తీసేసి పోత. కార్ఖానాయన తీసేదాక ఆగ. ఇరవై ఏండ్లసంది గంతే."

"గది బీడీ. గిది ఇజ్జతు."

"నాకు రెండూ ఒక్కటే," అందామె, దారం ముడివేస్తూ.

అన్నం తిన్నారు, పడుకున్నారు.

పొద్దున వినోద దుకాణానికి వెళ్లేసరికి షట్టరు అప్పటికే ఎత్తి ఉంది. రాజేశం కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టెకు ఏమీ తగిలించి లేదు. తెర మీద సున్నా ఉంది. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పన్ను పీకించుకునే మనిషిలా దవడ బిగించి దాన్నే చూస్తున్నాడు.

"ఎంతసేపాయె?" అన్నాడు.

"నిమిషం ఎప్పుడో అయిపోయింది బాపూ. ఇగ సాలు."

"ఏం గాలే," అన్నాడు రాజేశం ఆశ్చర్యంగా. జేబులోంచి ఫోను తీసి నస్రీన్‌కు చేశాడు.

అంతా చెప్పాడు. మధ్యలో ఆగలేదు, మొదటి గిరాకీ వచ్చి గడపలో నిలబడినా ఆగలేదు.

"మేడం, ఉన్నరా?"

"ఉన్నాను రాజేశం గారూ. రాసుకుంటున్నాను." నస్రీన్ గొంతు మామూలుగానే ఉంది. "మూడు జిల్లాల్లో రెండొందల దుకాణాలకు ఇచ్చాం ఈ పెట్టె. తప్పు జరిగిందని తనంతట తాను ఫోన్ చేసిన దుకాణం ఇదే. మా వైపు కూడా తప్పుంది. ఖాళీగా లేకపోతే పెట్టె మొదలే కాకూడదు. పచ్చ చుక్క ఇవ్వకూడదు. సున్నా అంటే భయపడేవాళ్లుంటారని మాలో ఒక్కరికీ తట్టలేదు. నేనే సాఫ్ట్‌వేర్ మార్పిస్తాను."

"ఆ నలభై ఒక్క ఇండ్లు ఎట్ల మేడం?"

"ప్రతి చీటీకి పదిహేను కలపండి. అదే అసలు అంకె. వాటాలో పట్టనివి మార్చి ఇవ్వడానికి మా ఆఫీసు కూడా సాయం చేస్తుంది. పచ్చ బోర్డు మాత్రం కొన్నాళ్లు దించాలి. అది తప్పదు."

"పొద్దుగాలనే దించిన," అన్నాడు రాజేశం.

వినోద తలెత్తి చూసింది. నిజమే. షట్టరు పైన నాలుగు మేకుల గుర్తులే ఉన్నాయి.

పశువుల ఆసుపత్రి నుంచి కొత్త సీసాలు మంచు పెట్టెల్లో పెట్టించుకుని నస్రీన్ మధ్యాహ్నానికి జీపులో వచ్చింది. రాజేశమూ వినోదా అందులోనే ఎర్రగుట్టకు బయలుదేరారు. దారి పొడుగునా రాజేశం ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. మంత్రమేమో అనుకుంది వినోద. చెవి పెట్టి వింటే, బీరయ్యతో ఏం చెప్పాలో వల్లెవేసుకుంటున్నాడు.

కొమురవ్వ ఇంట్లో అప్పటికే బీరయ్య ఉన్నాడు. సంఘం పెద్దను పిలిపించమని వినోదే కబురు పంపింది. గొంగడి భుజాన వేసుకుని, మూలనున్న పీట మీద మోకాళ్ల మీద చేతులు చాపి కూర్చున్నాడు. కొమురవ్వ ఆయనకు నీళ్లిచ్చింది. ఆయన ముట్టలేదు.

రాజేశం నిలబడే చెప్పాడు. దారిలో వల్లెవేసిందంతా మరిచిపోయాడు.

"బీరన్నా, తప్పు ఈమె చేతిది గాదు. ఫ్రిజ్జుది గాదు. నాది."

"ఏం సేటూ?" అన్నాడు బీరయ్య. "మొన్న ఈమెతోని పంతులు తప్పు చెప్పడంటివట?"

"పంతులు చెప్పలే. నేను చెప్పిచ్చిన." సున్నా సంగతి, దేవుడి బల్బుల సంగతి చెప్పాడు. కొమురవ్వ ఫ్రిజ్జు అసలు ఎంత తింటుందో చెప్పాడు. "గా పదిహేనే తెల్లారగట్ల ఈమె వాటాను మింగింది. సీసాలు ఉడికినయి. ఈమె ఉడికిన మందే ఏసింది, నీళ్లు కలపలే."

"సున్నకు భయపడి?"

"సున్నకు భయపడే."

కొమురవ్వకు ముందు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతూనే ఉన్నాయి. కాసేపటికి అది నవ్వు కాదని అందరికీ తెలిసింది. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"నా తొమ్మిది పిల్లలు," అన్నాడు బీరయ్య. గట్టిగా అనలేదు. "ఒక్కొక్కదాన్ని సంకల పెట్టుకొని తెచ్చిన శిఖం నుంచి."

రాజేశం తల వంచుకున్నాడు.

కొమురవ్వ కళ్లు తుడుచుకుని లేచింది. మంచు పెట్టె మూత తీసి ఒక సీసాను బుగ్గకు ఆనించుకుని చూసింది. "సల్లగున్నది," అంది. ఇప్పుడామె గొంతు మళ్లీ మామూలు గొంతులా ఉంది.

"మేడం, ఇవి ఏసేదాక ఏడ పెట్టాలె? నా వాటా ఇంతే గద."

"మందుల ఫ్రిజ్జుకు గోలెంలోంచి వేరే వాటా ఇవ్వొచ్చు," అంది నస్రీన్. "అసలు అంకె తెలిస్తే చాలు. ఇప్పుడు తెలిసింది కదా. సాయంత్రానికల్లా కలిపిస్తాను. అప్పటిదాకా మంచులో ఉంటాయి."

"అయితె పొద్దు గూకేలోపు మొదలువెడుత." కొమురవ్వ సూదుల డబ్బా దించింది. గూట్లోంచి నీలం రంగు డబ్బా తీసి కిటికీలో పెట్టింది. సూది పడిన గొర్రె వీపు మీద ఆ రంగుతో గీత పెడతారు, మళ్లీ పొరపాటున రెండోసారి వేయకుండా. "పోయిన వారం ఎర్ర గీత పెట్టిన. ఇప్పుడు నీలిది. నాలుగు వందలకు మల్ల ఏస్త. రేపు మాపటికి అయిపోతయి."

"నాలుగు వందలేనా?" అంది నస్రీన్. "ఐదు వందల అరవైకి తెచ్చాం."

కొమురవ్వ సూదులు లెక్కపెడుతూనే అంది. "బీరన్న మందల నూట అరవై ఉన్నయి. మందను పట్టుకునే మనిషి ఒకలు ముందుగాల పోయి దొడ్డి కాడ నిలవడాలె, లేకుంటె గొర్లు నన్ను రానియ్యవు. నేను అడగ మేడం. నా చేతికి ఇచ్చుడు ఇయ్యకపోవుడు ఆయన ఇష్టం."

ఎవరూ బీరయ్య వైపు చూడలేదు. బయట గాలి తిరిగింది. తడిక తలుపు ఒకసారి కొట్టుకుంది.

బీరయ్య పీట మీద నుంచి లేచాడు. చెంబెత్తి నీళ్లు తాగాడు, అన్నీ తాగాడు. గొంగడి సర్దుకుని గడప వైపు నడిచాడు. రాజేశం పక్కకు జరిగి దారిచ్చాడు. బీరయ్య ఆగి, కిటికీలోని నీలం రంగు డబ్బాను తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. గడప దాటి, తన గొర్ల దొడ్డి వైపు వెళ్లిపోయాడు.